అద్దె సైలెన్సరు

పర్లాకిమిడిలో దండాసి షెడ్డు వెనక
ఇనప కొక్కేనికి వేలాడుతూ
ఒకే ఒక్క అసలు సైలెన్సరు ఉంటుంది.
రోజుకి నాలుగొందలు.
ఊళ్లో సగం సుమోలు దాని చలవతోనే
ఏటేటా ఫిట్ అనిపించుకుంటాయి.

నా బండికీ ఒకటుండేది.
మూడేళ్ల కిందట, సెరంగో ఘాటీలో,
పదమూడు మందితో రెండు మేకలతో
మొదటి గేరులో కూడా ఎక్కనని మొరాయిస్తే
దండాసి కింద దూరి, టార్చి పంటితో పట్టుకుని
"ముక్కు దిబ్బడేసింది బాబూ దీనికి" అన్నాడు.
కోసి చూపించాడు.
లోపల తేనెపట్టులాంటి రాయి,
గదిగదికీ మసి.
దాన్ని బరంపురం తుక్కువాడు
తువ్వాల్లో పసిగుడ్డులా చుట్టుకుని
రెండు వేలిచ్చి పోయాడు.
ఖాళీ అయినచోట తిన్నటి గొట్టం.
వెల్డింగు రవ్వలు దండాసి లుంగీకి చిల్లులు పెట్టాయి.
లెక్కలో అవీ వేశాడు.

ఇక చూడాలి, ఎక్కుడు కూడా దిగుడే!
మూడు మలుపుల అవతలికి నా మోత.
సవర పేటల్లో ఉరుముకి ఏదో మాటుంది,
పిల్లలు నా బండికి అదే పేరు పెట్టారు.
మోత వినే ఇసారి గమాంగో
చింతపండు గంప నెత్తికెత్తుకునేది,
నేనొచ్చేసరికి రోడ్డుమీద ఉండేది.
ఒక రాత్రి నొప్పులు పడుతున్న పిల్లని
మోత విని ముందే మంచంతో సహా దింపేశారు.
ఇవన్నీ చెప్పుకుంటాను.
వెనక మలుపులో, నేను ఎప్పుడూ ఆగే చోట,
సున్నం కొట్టిన రాయి నల్లబడిందని మాత్రం
ఎవరికీ చెప్పను.

ఇవాళ పాఢీ బాబు దగ్గర తేదీ.
తెల్లారకముందే గొట్టం ఊడదీసి
అద్దెదాన్ని ఎక్కించాడు దండాసి,
పెళ్లికొడుక్కి పక్కింటి కోటు తొడిగినట్టు.
ఆఫీసు మైదానంలో లైను. ఎండ. శనగలమ్మే కుర్రాడు.
పాఢీ బాబు వెనక కడ్డీ దూర్చి
"తొక్కు" అన్నాడు. తొక్కాను.
"ఆఉ థరే." మళ్లీ తొక్కాను.
"ఆఉ థరే."
అంకెలు లేచాయి, తడబడ్డాయి, కూర్చున్నాయి.
ఆయన వంగి చాలాసేపు చూశాడు,
బండిని కాదు.
"దీన్ని పోయిన మంగళవారం కూడా చూశాను" అన్నాడు,
వచ్చీరాని తెలుగులో, చుట్టం సంగతి అడిగినట్టు.
"క్లాంపు తుప్పు పడుతోంది. దండాసికి చెప్పు."
ముద్ర కొట్టాడు.

తిరిగొచ్చేసరికి షెడ్డుకి తాళం.
దండాసి బావమరిదికి పాము కరిచిందట,
కాశీనగర్ పోయాడట.
అద్దె కోటుతోనే కొండెక్కాను.

ఎక్కదు. ఏడుస్తూ, ఆగి ఆగి.
అయితే ఏడుపు సన్నది.
మధ్యమధ్య ఏదో వినపడుతోంది,
ముందు బేరింగు పోయిందనుకుని దిగాను.
గెడ్డ. రోడ్డు పక్కనే గెడ్డ పారుతోంది.
పదకొండేళ్లుగా ఈ దారినే తోలుతున్నాను.

ఇసారి మలుపులో ఎవరూ లేరు.
హారను కొట్టాను. రెండోసారి కొడితే వచ్చింది,
గంప లేకుండా, జుట్టు ముడేసుకుంటూ,
కోపంగా.
"రావేమో అనుకున్నా. బండి చచ్చిపోయిందా?"
వెనక్కి నడిచి వెళ్లి
గొట్టం నోట్లో వేలు పెట్టి తీసి చూసుకుంది.
అలవాటుగా కొంగుకి తుడుచుకుంది,
తుడవడానికి ఏమీ లేకపోయినా.

గంప తేవడానికి పోయింది.
ఇంజను ఆపి కూర్చున్నాను.
పొద్దున్న పదింటికి ఈ సైలెన్సరు
స్కూలు వ్యానుకి కట్టాలి,
దండాసి సుద్దముక్కతో దానిమీద రాసుకున్నాడు,
వ్యాను నంబరు,
కింద నా నంబరు కొట్టేసి.